బీడీలు తీసిపడేసేవాడే యజమాని

అక్కలారా, చెల్లెళ్లారా, అందరికీ నమస్కారం.

నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల వైపు ఏ ఊరికి వెళ్లినా అరుగుల మీద చాటలో తునికాకు, తంబాకు పెట్టుకుని కూర్చున్న ఆడవాళ్లు కనిపిస్తారు. ఆకు తడిపి, కత్తిరించి, తంబాకు పోసి చుట్టి, దారం కట్టి, మూతి మడిచి, కట్టలు కట్టి, కంపెనీకీ వాళ్లకూ మధ్యవర్తి అయిన సట్టేదారుకు అప్పగిస్తారు. ఆయన కట్ట విప్పి చూసి, సన్నగా ఉన్నాయని కొన్ని, వదులుగా ఉన్నాయని కొన్ని పక్కన పడేస్తాడు. వాటికి కూలి ఉండదు. ఆకు నాసిరకమై తక్కువ పడితే కొని కలపాల్సింది కూడా మీరే.

ఆ పక్కన పడేయడం గురించే మాట్లాడదామని వచ్చాను. ఇళ్లలో చుట్టేవాళ్లు తమ కార్మికులు కారని, వాళ్లకు పీఎఫ్ కట్టబోమని కంపెనీలు సుప్రీంకోర్టు దాకా వెళ్లాయి. 1985లో పి.ఎం. పటేల్ అండ్ సన్స్ కేసులో కోర్టు ఆ వాదనను కొట్టివేసింది. బాగాలేని బీడీని తిరస్కరించే అధికారం ఉందంటే పని మీద అజమాయిషీ ఉన్నట్టేనని, ఇంట్లో చుట్టినా ఆమె కార్మికురాలేనని తేల్చింది. రోజూ మీ కూలికి గండి కొట్టే పనే కోర్టులో మీ హక్కుకు రుజువైంది! ఆ తీర్పు తలచుకున్నప్పుడల్లా నాకు ధైర్యం వస్తుంది.

1966 నాటి బీడీ, సిగార్ కార్మికుల చట్టం కూడా ఇంట్లో చుట్టేవారిని కార్మికులుగానే గుర్తించింది. ముడిసరుకు మీద, తిరస్కరించిన బీడీల మీద, వాటి కూలి మీద తగాదా వస్తే త్వరగా తేల్చే అధికారి ఉండాలని 39వ సెక్షన్‌లో రాసింది.

ఇంత ఉన్నా హక్కు చేతికి రాకపోవడానికి కారణం ఇచ్చిన ఆకు, తీసుకున్న బీడీలు రాసే పుస్తకం. అత్తాకోడళ్లు ఇద్దరూ చుట్టిన బీడీలు ఒక్కరి పేరునే ఎక్కుతాయి. కొందరికి అసలు పుస్తకమే ఇవ్వరు. అన్నిటికన్నా ఘోరం, ఆకూ తంబాకూ మీకు అమ్మినట్టు, బీడీలు మీ దగ్గర కొన్నట్టు రాసుకోవడం. అప్పుడు కాగితం మీద మీరు సొంత వ్యాపారులు. సొంతంగా ఇంట్లో చుట్టుకునేవారికి ఆ 1966 చట్టం వర్తించేది కాదు. దాన్ని కలుపుకున్న 2020 నాటి వృత్తి భద్రతా కోడ్‌లోనూ ఆ మినహాయింపు ఉంది. పీఎఫ్ నంబరు లేకపోతే తెలంగాణ ప్రభుత్వం ఇచ్చే జీవన భృతి కూడా అందదు.

ఈ వారమే మీ పుస్తకం తీసి చూడండి. మీ పేరు, కంపెనీ పేరు, ఇచ్చిన ఆకు, తీసుకున్న బీడీలు రాశారా? ఎన్ని పక్కన పడేశారో కూడా రాయమని అడగండి. ఒక్కరే అడిగితే మరునాటి నుంచి ఆకు ఇవ్వడం ఆపేస్తారు. వాడలో అందరూ ఒకే రోజు వెళ్లి అడగండి.