డెబ్బై దాటినవాళ్లకి నిమోనియా టీకా: ఒళ్లు తట్టుకుంటుందా?

[తెరపై: పెద్దాయన చొక్కా చేయి పైకి మడుస్తున్నారు. నర్సు జబ్బ మీద స్పిరిట్ దూదితో తుడుస్తోంది.]

నమస్కారం అండీ. "ఈ వయసులో నాన్నకి టీకా ఎందుకు, ఉన్న ఓపిక కాస్తా పోతుందేమో" అని చాలా ఇళ్లల్లో అనుకుంటారు. పెద్దవాళ్ల మీద ప్రేమతో వచ్చే భయం అది. అందుకే అసలు ఆ సూదిలో ఏముంటుందో ముందు చూద్దాం.

నిమోనియా తెచ్చే బ్యాక్టీరియాల్లో ముఖ్యమైనది న్యూమోకాకస్. దాని చుట్టూ చక్కెర పదార్థాలతో అల్లుకున్న పొర ఒకటి ఉంటుంది. టీకాలో వాడేది ఆ పొర నుంచి తీసిన భాగాలనే. బతికున్న క్రిమి ఒక్కటి కూడా ఉండదు, కాబట్టి టీకా వేయించుకున్నందువల్ల నిమ్ము చేయదు. చక్కెర అన్నానని షుగర్ ఉన్నవాళ్లు టెన్షన్ పడొద్దు. న్యూమోకాకస్‌లో 23 రకాలకి పనిచేసే టీకాలో (దీన్నే 23 రకాల టీకా అంటున్నా) అన్నీ కలిపినా అది ఒక మిల్లీగ్రాము కూడా ఉండదు. నిజానికి షుగర్, గుండె జబ్బు, ఆయాసం ఉన్నవాళ్లకే ఈ టీకా అవసరం ఎక్కువ.

[తెరపై: నెదర్లాండ్స్ మ్యాప్]

నెదర్లాండ్స్‌లో 65 ఏళ్లు, ఆపైన ఉన్న దాదాపు 84,500 మందితో పెద్ద పరీక్ష జరిగింది. సగం మందికి న్యూమోకాకస్‌లో 13 రకాలకి పనిచేసే టీకా, మిగతావాళ్లకి మందు లేని సూది వేశారు. 2015లో ఫలితాలు వచ్చాయి. జబ్బ నొప్పి, వాపు లాంటివి టీకా వేసినవాళ్లలోనే ఎక్కువ కనిపించాయి. తీవ్రమైన ఇబ్బందులు, మరణాలు మాత్రం రెండు వైపులా దాదాపు ఒకేలా ఉన్నాయి. ఆ 13 రకాల వల్ల వచ్చే నిమోనియా సుమారు 45 శాతం తగ్గింది. అన్ని రకాల నిమోనియాలనూ ఈ టీకా ఆపదు, అది కూడా తెలిసి ఉండాలి.

వేయించుకున్నాక ఒకటి రెండు రోజులు చెయ్యి నొప్పి, నీరసం, కొద్దిగా జ్వరం రావచ్చు. తీవ్రమైన అలర్జీ చాలా అరుదు. వస్తే సాధారణంగా నిమిషాల్లోనే బయటపడుతుంది, అందుకే 15 నిమిషాలు అక్కడే కూర్చోమంటారు. బయట ఆటో ఆగి ఉందని లేచి వచ్చేయకండి.

[తెరపై: దూదితో జబ్బ మీద గట్టిగా అదిమి పట్టుకున్న చెయ్యి]

రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పండి. మీ అంతట మీరు మాత్ర ఆపొద్దు. సన్నని సూదితో వేస్తారు, తర్వాత రెండు నిమిషాలు దూదితో అదిమి పట్టుకోవాలి. రుద్దకూడదు, రుద్దితే లోపల రక్తం గడ్డకట్టి నల్లగా కమిలిపోతుంది.

గతంలో ఈ టీకాకి గానీ, డిఫ్తీరియా ఉన్న టీకాకి గానీ తీవ్రంగా అలర్జీ వచ్చిందా? అయితే డాక్టరు గారికి ఆ సంగతి చెప్పకుండా వేయించుకోవద్దు. గట్టి జ్వరంతో ఉంటే తగ్గాకే వెళ్లండి.

23 రకాల టీకాని మళ్లీ తొందరగా వేస్తే చెయ్యి ఎక్కువగా వాస్తుంది. రెండోసారి అవసరమైనవాళ్లకి కూడా కనీసం 5 ఏళ్లు ఆగాలి. అందుకని టీకా పేరు, తేదీ ఉన్న చీటీని షుగర్, బీపీ రిపోర్టుల కవర్లోనే పెట్టండి, అమెరికాలో ఉన్న పిల్లలకి వాట్సాప్‌లో ఒక ఫోటో పంపండి.