ఆ నంబరు ఎవరిది?

అధ్యక్షులవారికి, వేదిక మీది పెద్దలకు, ముందు వరుసలో కూర్చుని అప్పుడే గడియారం చూసుకుంటున్న మిత్రులకు, చోటు లేక వెనక నిలబడ్డ పిల్లలకు నమస్కారం. నన్ను పరిచయం చేసిన మిత్రుడు చెప్పినదాంట్లో సగం కొట్టేయండి. 'టెక్నాలజీ నిపుణులు' అన్నారాయన. నేను ముప్పై ఏళ్లు ఆఫీసులో ఫైళ్లు చూసినవాణ్ణి. చుట్టాల్లో ఎవరు కొత్త ఫోన్ కొన్నా పెట్టెతో సహా నా దగ్గరికి తెచ్చేవాళ్లు. నాకున్న అర్హత అంతే. ఆ అర్హతతోనే మా అక్క కొంప ముంచాను. ఆ సంగతి నలుగురిలో చెప్పుకుందామని వచ్చాను.

ఆహ్వానంలో 'కొత్త ఫోనుకు కొత్త ఖాతా: పది జాగ్రత్తలు' అని వేశారు. పది లేవండీ నా దగ్గర. రెండో మూడో ఉన్నాయి. మిగతావి మీ పిల్లలు చెబుతారు, వాళ్లకు నాకంటే బాగా తెలుసు.

కొత్త ఫోన్ ఆన్ చేయగానే భాష అడుగుతుంది, వైఫై అడుగుతుంది, ఆ తర్వాత ఖాతా అడుగుతుంది. ఆండ్రాయిడ్ అయితే గూగుల్ ఖాతా, ఐఫోన్ అయితే యాపిల్ ఖాతా. కొత్త విండోస్ ల్యాప్‌టాప్ అయితే మైక్రోసాఫ్ట్ ఖాతా. పేరు, పుట్టిన తేదీ, పాస్‌వర్డ్, ఫోన్ నంబరు. నాలుగు గడులు. మనం ఏం చేస్తాం? నెక్స్ట్, నెక్స్ట్, అంగీకరిస్తున్నాను, నెక్స్ట్. పెళ్లి రిజిస్టరులో సంతకం పెట్టినట్టు చూడకుండా పెట్టేస్తాం. పది నిమిషాల్లో అయిపోతుంది. ఆ తర్వాత పదేళ్లపాటు మన ఫొటోలు, ఫోన్ నంబర్లు, బ్యాంకు మెయిళ్లు, పిల్లల సర్టిఫికెట్లు అన్నీ ఆ పది నిమిషాల మీద ఆధారపడి ఉంటాయి.

పుట్టిన తేదీ గడి దగ్గర ఒక్క మాట చెప్పి ముందుకు పోతాను. మా బంధువు ఒకాయన, అరవై దాటినవాడు, 'నా పుట్టిన తేదీ వీళ్లకెందుకు' అని ఆ ఏడాదే పుట్టినట్టు కొట్టేశాడు. యంత్రానికి వెటకారం తెలియదు కదా. పసిపిల్లాడు ఖాతా తెరిచాడనుకుని ఆపేసింది. ఆయన తెల్ల మీసంతో వయసు రుజువు చూపించుకోవాల్సి వచ్చింది. నిజమైన తేదీ ఇవ్వండి. అబద్ధం ఆడితే దాన్ని గుర్తుపెట్టుకోవాలి, అది ఇంకా కష్టం.

ఇక మా అక్క సంగతి.

అక్కకు మొదటి స్మార్ట్‌ఫోన్ నేనే సెట్ చేశాను. పక్కన కూర్చుంది, కళ్లజోడు పెట్టుకుంది, లెక్కల పుస్తకం తెచ్చుకుంది. ఆ పుస్తకంలో అన్నీ రాస్తుంది మా అక్క. ఎవరికి ఎప్పుడు ఏమిచ్చింది, ఏ మందు ఎప్పుడు మొదలుపెట్టింది, అన్నీ. పెన్ను మూత తీసి, 'ఒరేయ్, ఆ పాస్‌వర్డేదో చెప్పు, రాసుకుంటాను' అంది. నేను నవ్వాను. 'పాస్‌వర్డ్ పుస్తకంలో రాయకూడదక్కా, దొంగల పాలవుతుంది. నీకెందుకు, నేను చూసుకుంటాగా' అన్నాను. ఆవిడ మూత పెట్టేసింది.

ఆ మూత పెట్టిన చప్పుడు నాకిప్పటికీ వినిపిస్తుంది.

పాస్‌వర్డ్ నేనే పెట్టాను. పెద్ద అక్షరం, చిన్న అక్షరం, అంకె, ఒక వింత గుర్తు, నియమాలన్నీ పాటించాను. రికవరీ నంబరు, అంటే పాస్‌వర్డ్ మర్చిపోతే కోడ్ పంపే నంబరు, అడిగితే నా నంబరు ఇచ్చాను, ఓటీపీ నా ఫోనుకు వస్తే పని చప్పున అయిపోతుందని. రికవరీ మెయిల్ అడిగితే నా ఆఫీసు మెయిల్ ఇచ్చాను, ఎప్పుడూ తెరిచే ఉంటుందని. మొత్తం ఎనిమిది నిమిషాలు. అక్క మురిసిపోయింది. నేనూ మురిసిపోయాను, దాచడమెందుకు.

తర్వాత నేను నంబరు మార్చాను. ఆ తర్వాత రిటైరయ్యాను. వీడ్కోలు సభలో శాలువా కప్పారు, సాయంత్రానికి మెయిల్ మూసేశారు. రెండూ మామూలు విషయాలే. ఆ రెంటికీ అక్క ఖాతాకూ సంబంధం ఉందన్న ఆలోచనే నాకు రాలేదు.

ఇక్కడ ఆగి ఆఫీసు మెయిల్ గురించి మాట్లాడాలి, లేకపోతే మర్చిపోతాను. నా పక్క సీటాయన సొంత ఫోన్ మొత్తం ఆఫీసు ఖాతాతోనే నడిపాడు. ఇంకో ఖాతా ఎందుకు, రెండు పాస్‌వర్డ్లు ఎందుకు అని. మనవరాలి బారసాల ఫొటోలు కూడా అందులోనే. ఆయనకూ శాలువా కప్పిన సాయంత్రమే ఖాతా మూశారు. ఆఫీసు ఖాతా ఆఫీసుది. తెరిచేది వాళ్లు, మూసేది వాళ్లు, కావాలంటే లోపల చూసేదీ వాళ్లే. మీ సొంత ఫోనుకు, సొంత ల్యాప్‌టాప్‌కు మీ సొంత ఖాతా ఉండాలి. ఉద్యోగంలో ఉన్నవాళ్లు దీన్ని రిటైరయ్యే నెలలో చేద్దామనుకోకండి. ఆ నెలలో సన్మానాలకే టైం సరిపోదు.

సరే, అక్క. ఒకరోజు ఫోన్ నీళ్ల బకెట్‌లో పడింది. మళ్లీ వెలగలేదు. పోతే పోయింది, కొత్తది కొందాం, అన్నీ ఖాతాలో ఉంటాయి అన్నాను ధీమాగా. అబద్ధం కాదు, ఉన్నాయి. మా బావ పోయి అప్పటికి ఏడాదిన్నర. చివరి రోజుల్లో ఆస్పత్రి నుంచి అక్కకు మాటలు రికార్డు చేసి పంపేవాడు. 'లేచావా', 'తిన్నావా', 'గేటు వేశావా', ఇలాంటివే. అక్క వాటిని రాత్రిపూట పెట్టుకుని వినేది. అవన్నీ బ్యాకప్‌లో, అంటే ఫోన్ తీసి దాచే నకలులో, ఉన్నాయి. బ్యాకప్ ఖాతాలో ఉంది. ఖాతా పాస్‌వర్డ్ నా బుర్రలో ఉండాలి.

లేదు. పెద్ద అక్షరం గుర్తుంది, వింత గుర్తు గుర్తుంది, వరస గుర్తులేదు. నాలుగైదు రకాలుగా కొట్టి చూశాను. 'మీ నంబరుకు కోడ్ పంపమంటారా' అంది తెర. చివరి రెండంకెలు చూపించింది. నా పాత నంబరు. నేను వదిలేసిన నంబరు ఊరికే ఉండదు, కొన్నాళ్లకు కంపెనీ దాన్ని ఇంకొకరికి ఇస్తుంది. మా అక్క ఖాతా తాళంచెవి ఎవరో ముక్కూమొహం తెలియనివాడి జేబులో మోగుతోందన్నమాట. 'అయితే మెయిలుకు పంపమంటారా' అంది. ఆఫీసు మెయిల్. చివరికి 'ఈ ఖాతా మీదేనని నిర్ధారించలేకపోతున్నాం' అని వచ్చింది.

వారం తర్వాత ఇంకోసారి చూశాం. నెల తర్వాత ఇంకోసారి. అదే వాక్యం. అక్క ఒక్కమాట అనలేదు. అంటే బాగుండేది.

ఆ కంపెనీ పేరు చెప్పమని మీలో ఎవరో అంటున్నారు. చెప్పను. అది చేసింది సరైన పనే. పాస్‌వర్డ్ తెలియనివాడు, నంబరు లేనివాడు, మెయిల్ లేనివాడు వచ్చి తలుపు తీయమంటే తీయకూడదు. తప్పు నాది. ఇక్కడ వెనక నిలబడ్డ పిల్లలూ, మీకే చెబుతున్నాను, పెద్దవాళ్లకు కాదు. అమ్మకు, నాన్నకు, తాతయ్యకు ఖాతా తెరిచిపెట్టేది మీరే. తొందరపడి మీ నంబరు కొట్టేసేదీ మీరే.

మనం చిన్నప్పటి నుంచి విన్న సలహాల్లో చాలావాటికి కాలం చెల్లింది. వింత గుర్తులు పెట్టు, మూడు నెలలకోసారి మార్చు అనే సలహా ఉంది చూశారా, అది అమెరికాలో నిస్ట్ అనే ప్రమాణాల సంస్థ 2003లో రాసిన పత్రం వల్ల బాగా పాకింది. దాన్ని రాసిన బిల్ బర్ 2017లో, తను చెప్పినదాంట్లో చాలాదానికి ఇప్పుడు చింతిస్తున్నానని పత్రికతో అన్నాడు. అదే ఏడాది నిస్ట్ కూడా దారి మార్చింది. పాస్‌వర్డ్ పొడుగ్గా ఉండనివ్వండి, వింత గుర్తుల కోసం వేధించకండి, బయటపడిందని తెలిస్తే తప్ప ఊరికే మార్పించకండి అంది. కారణం తేలికే. మార్చమంటే జనం చివర ఒకటి తీసి రెండు పెడతారు. నేనూ అదే చేసేవాణ్ణి. మీరూ అదే చేస్తారు, నవ్వుతున్నారుగా.

ఆ మాటకొస్తే పాస్‌వర్డ్లు మొదట్నుంచీ కారుతూనే ఉన్నాయి. 1960ల మొదట్లో అమెరికాలోని ఎంఐటీలో ఫెర్నాండో కార్బటో బృందం ఒకే కంప్యూటరును పలువురు పంచుకునే ఏర్పాటు చేసి, ఎవరి ఫైళ్లు వాళ్లకే అని పాస్‌వర్డ్లు పెట్టింది. 1962లో అలన్ షెర్ అనే పరిశోధక విద్యార్థి, తన వంతు కంప్యూటరు గంటలు చాలక, అందరి పాస్‌వర్డ్లున్న ఫైలును శుభ్రంగా ప్రింటు తీయించుకున్నాడు. చాలా ఏళ్ల తర్వాత తనే ఒప్పుకున్నాడు. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే... అవును, పుస్తకం. మన ఖాతాల్లోకి చొరబడేవాడు మన ఇంటి బీరువా దగ్గరికి రాడు. ఎక్కడో కూర్చుని, ఏదో పిచ్చి సైటు నుంచి కారిన పాస్‌వర్డ్ అన్ని చోట్లా కొట్టి చూస్తాడు. అందుకే ఒకటే పాస్‌వర్డ్ రెండు చోట్ల వాడకూడదు. ఇంట్లో, బీరువాలో, లెక్కల పుస్తకంలో రాసుకోవడం వల్ల అంత ప్రమాదం లేదు. అక్క పెన్ను మూత తీసింది కరెక్టు. నేను నవ్వింది తప్పు.

ఇప్పుడు పాస్‌కీలు వస్తున్నాయి. 2022లో యాపిల్, గూగుల్, మైక్రోసాఫ్ట్ మూడూ కలిసి వీటికి ఒప్పుకున్నాయి. పాస్‌వర్డ్ బదులు ఫోనులోనే ఒక రహస్య తాళంచెవి పుడుతుంది, వేలిముద్రతోనో స్క్రీన్ లాక్‌తోనో తెరుస్తాం. దొంగ సైటు ఎంత అచ్చుగుద్దినట్టు ఉన్నా దానికి ఆ చెవి పనిచేయదు, ఎందుకంటే అది అసలు సైటు చిరునామాకే కట్టుబడి ఉంటుంది. మంచిదే, పెట్టుకోండి. కానీ ఆ చెవులన్నీ దాచేది ఎక్కడ? చాలా ఫోన్లలో మళ్లీ ఈ ఖాతాలోనే. అంటే ఈ ఖాతా బరువు ఇంకా పెరిగింది.

ఇప్పుడు దయచేసి అందరూ ఫోన్లు తీయండి. నిజంగానే. అధ్యక్షులవారు కూడా. సెట్టింగ్స్‌లోకి వెళ్లండి, మీ పేరున్న చోట నొక్కండి, సెక్యూరిటీ అని ఉంటుంది. అందులో నంబరు, మెయిల్ చూడండి. ఎవరిది ఆ నంబరు? మీదేనా? మీ చేతిలో ఉన్నదేనా? అదిగో, రెండో వరుసలో ఆవిడ తల పట్టుకున్నారు. అల్లుడుగారి పాత నంబరట. చూశారా. టెన్షన్ పడకండమ్మా, లోపల ఉండగా మార్చుకోవడం తేలిక. బయటపడ్డాక మార్చడమే కష్టం. ఈ రాత్రికే మార్చేయండి.

గూగుల్ ఖాతా అయితే అక్కడే బ్యాకప్ కోడ్లు అని కూడా ఉంటుంది, ఫోన్ చేతిలో లేనప్పుడు లోపలికి వెళ్లడానికి. రెండంచెల లాగిన్, అంటే పాస్‌వర్డ్ తర్వాత ఇంకో రుజువు కూడా అడిగే ఏర్పాటు, పెట్టుకుంటే గూగుల్ పది కోడ్లు ఇస్తుంది, ఒక్కోటి ఒక్కసారే పనిచేస్తుంది. కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. వాటిని ఫొటో తీసి అదే ఫోనులో దాచుకునేవాళ్లున్నారు. ఇంటి తాళం ఇంట్లో పెట్టి తలుపు వేసుకున్నట్టు.

ఇంకోటి. ఖాతా తెరిచి వదిలేస్తే అది శాశ్వతంగా ఉండదు. రెండేళ్లు ఎవరూ తెరవని వ్యక్తిగత ఖాతాలను, లోపలి సరుకుతో సహా తీసేయవచ్చని గూగుల్ 2023లో ప్రకటించింది. మన తర్వాత ఎవరికి ఇవ్వాలో ముందే రాసిపెట్టే వీలు గూగుల్‌లో 2013 నుంచి, యాపిల్‌లో 2021 నుంచి ఉంది. ఆ మాట ఎత్తితే అశుభం అంటారని నేనూ ఎత్తేవాణ్ణి కాదు. బావ ఫోనులో ఏముందో మాకిప్పటికీ తెలియదు.

పాత ఫోన్ ఎవరికైనా ఇచ్చేటప్పుడు ముందు ఖాతా తీసేసి అప్పుడు రీసెట్ చేయండి, అంటే లోపలున్నదంతా తుడిచేయండి. లేకపోతే అది పాత యజమాని పాస్‌వర్డ్ అడుగుతుంది. దొంగల కోసం పెట్టిన తాళం మేనల్లుడికి పడుతుంది. టైం అయిపోయిందని చీటీ పంపారు. ముగిస్తున్నాను.

పోయిన నెల అక్కకు కొత్త ఖాతా తెరిచాం. ఈసారి ఫోన్ నేను ముట్టుకోలేదు, చేతులు వెనక్కి కట్టుకుని కూర్చున్నాను. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ ఆవిడే కొట్టింది. నలభై నిమిషాలు పట్టింది. రెండుసార్లు నా చెయ్యి దానంతట అదే ముందుకొచ్చింది, ఆవిడ చూసిన చూపుకు వెనక్కి వెళ్లింది. తన నంబరు తనే ఇచ్చుకుంది. రికవరీ మెయిల్ కూతురిది, కూతురికి ఫోన్ చేసి అడిగి మరీ. లెక్కల పుస్తకంలో ఏదో రాసుకుంది. అలవాటు కొద్దీ తొంగిచూశాను. చేయి అడ్డం పెట్టి, 'నీకెందుకురా, నేను చూసుకుంటాగా' అంది.