వలయం వచ్చింది సరే, అందులో స్పాంజి వాటా ఎంత?

సముద్రపు స్పాంజి అనే జీవి నుంచి తీసిన సారాన్ని చిన్న కాగితపు డిస్క్ మీద వేసి, బ్యాక్టీరియా పరిచిన పళ్లెంలో పెడతాం. ఆ డిస్క్ చుట్టూ బ్యాక్టీరియా పెరగని 18 మిల్లీమీటర్ల వలయం కనబడగానే యాంటీబయాటిక్ దొరికిందని సంబరపడతాం. ఆ సంబరం ఎక్కడెక్కడ దెబ్బతింటుందో ఈ పూట చూద్దాం.

స్పాంజి కదలలేదు, పారిపోలేదు. అందుకే రసాయనాలతో తనను కాచుకుంటుంది. 1950ల మొదట్లో బెర్గ్‌మన్, ఫీనీ అనే శాస్త్రవేత్తలు కరీబియన్ స్పాంజిలో కనుగొన్న న్యూక్లియోసైడ్లే (డీఎన్‌ఏ ఇటుకల్లాంటి అణువులే) సైటరబిన్, విడరబిన్‌లకు దారి చూపాయి. ఒకటి రక్త క్యాన్సర్ మందు, రెండోది హెర్పిస్ వైరస్ మందు. బ్యాక్టీరియాను చంపే మందు మాత్రం స్పాంజి నుంచి ఇంకా మందుల షాపు దాకా రాలేదు.

నీటిలోంచి తీసిన స్పాంజిని వెంటనే ఐసులో పెట్టి, మైనస్ 20 డిగ్రీల దగ్గర గడ్డకట్టించాలి. ఎండబెడితే చాలా పదార్థాలు పాడవుతాయి. ముక్కలు చేసి, మూడింతల మెథనాల్‌లో 24 గంటలు నానబెట్టి వడకట్టాలి, ఇలా మూడుసార్లు. తర్వాత మెథనాల్‌ను ఆవిరి చేసి సారం మిగిల్చే రోటరీ ఆవిరి యంత్రంలో 40 డిగ్రీలు దాటనివ్వకండి.

అసలు చిక్కు ఇక్కడే. స్పాంజి బరువులో ఎక్కువ భాగం సముద్రపు నీరే, కాబట్టి మీ సారంలో సగానికి పైగా ఉప్పే ఉండొచ్చు. 10 మిల్లీగ్రాములు తూచామనుకుంటారు. పనిచేసే పదార్థం అందులో ఏ మూలో ఉంటుంది. నీటి మీద వేరే పొరగా నిలిచే ఇథైల్ ఎసిటేట్ ద్రావకం, నీళ్లతో విడదీస్తే ఉప్పు నీటిలో ఆగిపోతుంది. నీటి పొరను మాత్రం పారబోయకండి. నీటిలో కరిగే మందు అందులోనే ఉండిపోతుంది, దాన్ని సి18 గొట్టంలో (ఉప్పును వదిలేసి ఇలాంటి అణువులను పట్టి ఉంచే పొడి నింపిన గొట్టం) పట్టుకోవచ్చు.

డిస్క్ మీద 20 మైక్రోలీటర్లు వేసి ద్రావకం పూర్తిగా ఆరనివ్వాలి. తడి మెథనాల్ కూడా వలయం ఇస్తుంది! ద్రావకం మాత్రమే ఉన్న డిస్క్ ఒకటి తప్పనిసరి. బ్యాక్టీరియాను పెంచే జెల్లీ, అంటే ముల్లర్-హింటన్ అగర్, 4 మిల్లీమీటర్ల మందం ఉండాలి; పలచనైతే వలయం పెద్దదవుతుంది. బ్యాక్టీరియా ద్రవం మసకతనం 0.5 మెక్‌ఫర్లాండ్ (మసకతనాన్ని పోల్చే ప్రామాణిక కొలత), ఉష్ణోగ్రత 35 డిగ్రీలు, 16 నుంచి 18 గంటలు.

ఇంత జాగ్రత్తగా చేసినా వలయం పరిమాణం శక్తికి కొలత కాదు. కొవ్వులో కరిగే అణువు అగర్‌లో పాకలేక చిన్న వలయం ఇస్తుంది. కాబట్టి 96 గుంటల పళ్లెంలో, మిల్లీలీటరుకు 5 లక్షల కణాలతో, సారాన్ని కరిగించే డీఎంఎస్‌ఓ ద్రావకం 1 శాతం మించకుండా ఎంఐసి (బ్యాక్టీరియా పెరుగుదలను ఆపే అతి తక్కువ మోతాదు) తీయండి. రంగున్న సారాలకు మసక చూసి బ్యాక్టీరియా పెరిగిందో లేదో చెప్పడం కుదరదు. బతికున్న బ్యాక్టీరియా ఉంటే రంగు మారే రెసాజూరిన్ వాడదామంటే, స్పాంజిల్లో దొరికే అవరాల్ లాంటి హైడ్రోక్వినోన్ రసాయనాలు బ్యాక్టీరియా లేకుండానే దాని రంగు మార్చగలవు. సారం మాత్రమే ఉన్న గుంట పక్కనే ఉండాలి. ఎర్ర రక్తకణాలను పగలగొట్టే సారమైతే అక్కడే ఆపండి. అది సబ్బులా అన్నిటినీ చంపుతోందన్నమాట.

సరఫరా సంగతి మరీ కఠినం. కొన్ని స్పాంజిల్లో బరువులో మూడో వంతు దాకా సూక్ష్మజీవులే. థియోనెల్లా స్వినోయీ అనే స్పాంజిలో చాలా మందు అణువులను చేసేది ఎంటోథియోనెల్లా అనే బ్యాక్టీరియా అని 2014లో తేలింది. న్యూజిలాండ్‌లో ఒక టన్ను స్పాంజి నుంచి దక్కిన హాలికాండ్రిన్-బి (క్యాన్సర్ కణాలను అడ్డుకునే అణువు) 310 మిల్లీగ్రాములు. అందుకే నమూనా అందిన రోజే ఒక ముక్క డీఎన్‌ఏ కోసం 95 శాతం ఇథనాల్‌లో, ఇంకో ముక్క తాజాగా బ్యాక్టీరియా పెంపకానికి పక్కన పెట్టండి. ఫార్మలిన్ వద్దు: డీఎన్‌ఏ చెడుతుంది, సున్నపు స్పాంజి ముళ్లూ కరిగిపోతాయి.