నేషనల్ సీఎస్ఆర్ పోర్టల్ రివ్యూ: ప్రపోజల్ రాసే ముందు ఇక్కడ ఒక పూట కూర్చోండి

నమస్కారమండీ. చిన్న స్వచ్ఛంద సంస్థ నడుపుతూ నిధుల కోసం తిరుగుతున్న వాళ్ల కోసమే ఈ వీడియో. ఈరోజు మనం చూడబోయేది కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ నడిపే నేషనల్ సీఎస్ఆర్ పోర్టల్. సీఎస్ఆర్ అంటే కార్పొరేట్ సామాజిక బాధ్యత, అంటే కంపెనీలు తమ లాభంలో కొంత సామాజిక పనులకు పెట్టడం.

చాలామంది ఒకే ప్రపోజల్ రాసి, పైన కంపెనీ పేరు మార్చి అందరికీ పంపేస్తారు. జవాబు రాకపోతే నీరుగారిపోతారు. చూస్తే బాధేస్తుంది. వాళ్ల పని మంచిదే, అడిగిన చోటే సరైనది కాదు.

కంపెనీల చట్టం 2013, సెక్షన్ 135 ప్రకారం నెట్‌వర్త్ (అప్పులు పోగా మిగిలే ఆస్తి విలువ) 500 కోట్లు, టర్నోవర్ 1000 కోట్లు, నికర లాభం 5 కోట్లు, వీటిలో ఏ ఒక్కటి అందుకున్న కంపెనీ అయినా గత మూడేళ్ల సగటు లాభంలో కనీసం 2 శాతం సామాజిక పనులకు ఖర్చు పెట్టాలి. ఏ కంపెనీ ఏ రాష్ట్రంలో, ఏ రంగానికి ఎంత పెట్టిందో ఈ పోర్టల్ చూపిస్తుంది. నాకు బాగా నచ్చింది ఇదే. ఒక్క ఏడాది లెక్క చూసి ఆగకండి. వరసగా కొన్నేళ్లు చూస్తే ఆ కంపెనీ మనసు దేని మీద ఉందో తెలిసిపోతుంది. ఏటా బడులకే ఇచ్చే కంపెనీకి చెరువు పూడికతీత గురించి రాసి లాభం లేదు.

లోపాలూ ఉన్నాయి. కంపెనీలు ఏడాది ముగిశాక లెక్కలు సమర్పిస్తాయి కాబట్టి సమాచారం ఎప్పుడూ కాస్త పాతదే. పైగా చాలా ఖర్చు 'పాన్ ఇండియా', అంటే దేశమంతటికీ కలిపి చూపే పద్దు కింద పడిపోతుంది. అందులో మన జిల్లాకు ఏమొచ్చిందో తేలదు. అందుకే ఇక్కడ పేర్లు ఏరుకుని, ఆ కంపెనీల వెబ్‌సైట్లకు వెళ్లండి. సీఎస్ఆర్ పాలసీ, బోర్డు ఆమోదించిన ప్రాజెక్టులు అక్కడ పెట్టాలని నిబంధన ఉంది. ప్లాంటు ఎక్కడుందో కూడా చూడండి. తాము పనిచేసే ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని చట్టమే చెబుతోంది. మీ ఊరు పరవాడకో, జడ్చర్లకో, శ్రీసిటీకో దగ్గరైతే, ఆ మాట ప్రపోజల్ మొదటి పేజీలోనే ఉండాలి.

ఇక బడ్జెట్. "పాలనా ఖర్చు 5 శాతం దాటకూడదట" అని భయపడి టీచర్ జీతం, ఫీల్డ్ కోఆర్డినేటర్ బస్సు ఛార్జీలు రాయని వాళ్లున్నారు. దయచేసి అలా చేయకండి. ఆ పరిమితి కంపెనీ తన సీఎస్ఆర్ విభాగం నడుపుకోవడానికి పెట్టే ఖర్చుకు. ప్రాజెక్టు అమలు, పర్యవేక్షణకు నేరుగా అయ్యే ఖర్చు అందులోకి రాదు. ధైర్యంగా, విడివిడిగా రాయండి. పిల్లలకు పాఠం చెప్పే మనిషికి జీతం అడగడం తప్పు కాదండీ.

పోర్టల్‌కు నేనిచ్చేది ఐదుకు నాలుగు. అయితే ఆదాయపు పన్ను మినహాయింపులకు సంబంధించిన 12ఏ, 80జీ రిజిస్ట్రేషన్లు, మూడేళ్ల పని అనుభవం, సీఎస్ఆర్ నిధులు తీసుకోవడానికి కార్పొరేట్ వ్యవహారాల శాఖ దగ్గర నమోదైతే వచ్చే సీఎస్ఆర్-1 నంబరు లేని కొత్త సంస్థలకు దీంతో ఇప్పుడే పెద్దగా ఉపయోగం లేదు. ముందు ఆ కాగితాల పని చూసుకోండి. విదేశీ నిధులకు ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) వేరే దారి, అది ఇంకో వీడియోలో.

అన్నీ ఉన్నవాళ్లు ఆర్థిక సంవత్సరం ముగిసే మార్చి దాకా ఆగొద్దు. కంపెనీల సీఎస్ఆర్ కమిటీలు ఏడాదికి సరిపడా కార్యాచరణ ప్రణాళిక తయారుచేసి బోర్డుకు ఇస్తాయి. అది ఖరారు కాకముందే మీ ప్రపోజల్ వాళ్ల బల్ల మీద ఉండాలి.