ఇంటర్‌కూలర్ కొంటున్నారా? ముందు మందం చూడండి

నమస్తే అండి. బంపర్ విప్పేసి ఉంచాను, కనిపిస్తోంది కదా. విప్పడం పెద్ద పనేం కాదు, టీ25, టీ30 స్క్రూలు (నక్షత్రం ఆకారం తల ఉన్నవి), ఎక్కడెక్కడున్నాయో బాణాలు పెట్టాను చూడండి. అయస్కాంతం ఉన్న ట్రే మాత్రం ఒకటి కొనుక్కోండి. స్క్రూ జారి బండి అడుగునుండే ప్లాస్టిక్ కవర్‌లో, అండర్‌ట్రేలో పడితే అరగంట వెతకాలి.

సరే, ఇది స్కోడా ఆక్టేవియా 1.8 టీఎస్‌ఐ, టర్బో ఉన్న పెట్రోల్ బండి. టర్బో గాలిని నొక్కుతుంది, నొక్కితే గాలి వేడెక్కుతుంది. సైకిల్ పంపు గబగబా కొట్టి అడుగున చెయ్యి పెట్టండి, అదే వేడి. ఆ గాలి ఇదిగో ఇటు వచ్చి, ఇక్కడ ఇంటర్‌కూలర్‌లో చల్లబడి, ఇటు ఇంజన్‌లోకి. 70 డిగ్రీల గాలి 45కి దిగిందనుకోండి, అదే ప్రెషర్‌లో దాదాపు 8 శాతం ఎక్కువ గాలి పడుతుంది. నాకింగ్, అంటే ఇంధనం అదుపు తప్పి మండి ఇంజన్ టకటకలాడటం, అది కూడా తగ్గుతుంది.

పోలో జీటీ టీఎస్‌ఐ ఉన్నవాళ్ళు ఒక్క నిమిషం. మీ దాంట్లో ఇంటర్‌కూలర్ నీళ్ళతో చల్లబడేది, ఇంజన్‌కి గాలి పంచే ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లోనే ఉంటుంది. ఈ వీడియోలో చూపించే కోర్‌లు, అంటే గాలి చల్లబడే ఈ జాలీ భాగాలు, మీకు పనికిరావు.

కొనే ముందు లాగ్ తీయండి, అంటే బండి సెన్సర్ల రీడింగులు రికార్డు చేయండి. బండి డయాగ్నస్టిక్ పోర్ట్‌లో పెట్టే ఓబీడీ డాంగిల్, ఫోన్‌లో యాప్ చాలు. ఇన్‌టేక్ టెంపరేచర్ (ఇంజన్‌లోకి వెళ్ళే గాలిది), బయటి టెంపరేచర్, రెండూ పక్కపక్కన పెట్టుకోండి. మే నెలలో బయటే 42 ఉంటే లోపల 52 చూపించడం తప్పేం కాదు. బయటి కంటే ఎంత ఎక్కువ, అదే లెక్క. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్, ఓఆర్‌ఆర్ మీద, 120 లిమిట్ లోపలే, మూడో గేర్‌లో రెండు మూడుసార్లు గట్టిగా తొక్కండి. ఆ తేడా ప్రతిసారీ పైకెక్కుతూ, మళ్ళీ దిగకపోతే ఇంటర్‌కూలర్ మార్చాలి. పది, పదిహేను డిగ్రీలే తేడా ఉండి, ఇంజన్ ట్యూన్ కూడా స్టాక్, అంటే కంపెనీ ఇచ్చినదే అయితే మార్చకండి. ఆ డబ్బుతో మంచి టైర్లు వేసుకోండి, నిజంగా చెప్తున్నా.

ఇప్పుడు అసలు విషయం. మందం. నేను దెబ్బ తిన్నది ఇక్కడే.

ముందున్నది ఏసీ వేడిని బయటికి వదిలే కండెన్సర్, మధ్యలో ఇంటర్‌కూలర్, వెనక రేడియేటర్, దాని వెనక ఫ్యాన్. దగ్గరగా చూపిస్తాను... ఇలా. నేను మొదట స్టాక్ కంటే బాగా మందంగా ఉన్నది వేయించాను. ఓఆర్‌ఆర్ మీద లాగ్ చూస్తే చాలా బాగుంది. తర్వాతి ఆదివారం బయోడైవర్సిటీ సిగ్నల్ దగ్గర ఆగాం. ఏసీలోంచి వెచ్చటి గాలి. వెనక సీట్లో మా అమ్మ చీర చెంగుతో విసురుకుంటోంది. కూలెంట్ ముల్లు పైకి లేస్తోంది, ఫ్యాన్ ఫుల్ స్పీడ్‌లో మోగుతోంది.

బండి పరిగెడుతుంటే గాలి దానంతటదే తోసుకొస్తుంది. ఆగితే మాత్రం ఈ మూడింటి గుండా గాలిని లాగాల్సింది ఒక్క ఫ్యానే. మధ్యలోది మందమై, ఫిన్స్, అంటే దానిలోని సన్నని రేకులు కూడా దగ్గర దగ్గరగా ఉంటే ముందున్న కండెన్సర్‌కి, వెనకున్న రేడియేటర్‌కి, రెండింటికీ గాలి అందదు.

దీనికి నేను చేసే పరీక్ష ఇది. ఏసీ ఆన్, ఇంజన్ ఐడిల్, న్యూస్‌పేపర్ పావు ముక్క. కండెన్సర్ ముందు పట్టుకుని వదులుతున్నా... చూశారా, అతుక్కుపోయింది. ఇప్పుడున్న కోర్‌తో ఇది. పాత మందం కోర్‌తో ఇదే కాగితం జారి కింద పడింది. అందుకే కొలత టేపు పట్టుకుని కొనండి. మందం పెంచే బదులు ఎత్తు, వెడల్పు ఎక్కువున్నది చూడండి. గాలి తగిలే ముఖం పెద్దదవ్వాలి.

బార్ అండ్ ప్లేటా (మందపాటి కడ్డీలు, పలకలతో కట్టిన బరువైన కోర్), ట్యూబ్ అండ్ ఫిన్నా (పల్చటి గొట్టాలు, రేకులతో కట్టింది) అంటే, సిటీలో తిరిగే బండికి నా ఓటు ట్యూబ్ అండ్ ఫిన్‌కే. తేలిక, గాలి సులువుగా దాటుతుంది. బార్ అండ్ ప్లేట్ నిదానంగా వేడెక్కుతుంది కానీ, ఒకసారి సిగ్నల్‌లో ఆగి వేడి పట్టిందంటే నిదానంగానే చల్లారుతుంది.

పక్కల ఈ సందులున్నాయే, ఫోమ్ పట్టీ అతికించండి. గాలి సులువైన దారే చూసుకుంటుంది, సందు దొరికితే కోర్‌లోకి రాదు. పైపుల్ని బిగించే క్లాంపులు టీ-బోల్ట్‌వే తీసుకోండి, హైదరాబాద్ పుత్లీబౌలి స్పేర్ పార్టుల షాపుల్లో అడగండి.

చివరగా లీక్ టెస్ట్. టర్బో ఇన్‌లెట్‌కి మూత, కంప్రెసర్‌తో 1 బార్, పైపుల మీద సబ్బు నీళ్ళు. ఇదిగో, ఇక్కడ బుడగ వస్తోంది... క్లాంపు ఇంకో అర చుట్టు బిగిస్తున్నా... ఆగింది. ఇక బంపర్ ఎక్కించేద్దాం.