పాపో బాబో తేలని బిడ్డ: ఆపరేషన్‌కు తొందరెందుకు?

శ్రోతలకు నమస్కారం. కాన్పు కాగానే కర్నూలు పెద్దాసుపత్రిలోనైనా, ఆదోనిలోనైనా బయట కూర్చున్న అవ్వ అడిగేది ఒకటే: "పిల్లోడా, పాపా?" అప్పుడప్పుడూ డాక్టరు కూడా వెంటనే చెప్పలేరు. జననాంగాలు చూస్తే ఆడో మగో తేలదు. అలా పుట్టిన బిడ్డలను ఇంటర్‌సెక్స్ అంటారు. ఇది ఎవరి పాపమూ కాదు, గ్రహణం వల్లా కాదు.

పురుటికి చుట్టాలొస్తారు, ఏమని చెప్పాలి? ఆ టెన్షన్‌లో "ఆపరేషన్ చేసి సరిచేసేయండి సార్" అంటారు కన్నవాళ్లు. అసలు తొందర రక్తపరీక్షలకు ఉండాలి. ఆడబిడ్డల్లో ఇలా కనిపించడానికి ఎక్కువగా కారణం మూత్రపిండాల పైన ఉండే అడ్రినల్ గ్రంథి లోపం. కొందరిలో ఒంట్లోని ఉప్పు మూత్రంలో పోయి, రెండో వారానికల్లా వాంతులు, నీరసంతో ప్రాణం మీదికొస్తుంది. సోడియం, పొటాషియం, 17-ఓహెచ్‌పీ అనే హార్మోన్ పరీక్షలు చేసి, హైడ్రోకార్టిసోన్ మందు మొదలుపెడితే బిడ్డ దక్కుతుంది. మందు జీవితాంతం వాడాలి. మేనరికాల్లో ఈ లోపం వచ్చే అవకాశం ఎక్కువ. మన సీమలో ఈ మాట దాచి లాభం లేదు.

ఇక ఆపరేషన్. పసితనంలో యోని పైభాగాన ఉండే సున్నితమైన క్లిటోరిస్‌ను తగ్గిస్తే నరాలు దెబ్బతిని, పెద్దయ్యాక స్పర్శ తగ్గొచ్చు. చిన్నప్పుడు చేసిన యోనిమార్గం ఇరుకైపోయి, రజస్వల అయ్యాక మళ్లీ కోయాల్సి రావచ్చు. మూత్రద్వారం కిందికి ఉన్న పిల్లలకు సరిచేసిన చోట చిల్లు పడి మూత్రం కారడం, దారి ఇరుకు కావడం సర్జన్లందరికీ తెలిసిన ఇబ్బందులే. బీజగ్రంథులు, అంటే అండాశయాలో వృషణాలో, తీసేస్తే సంతానం ఆశ పోవచ్చు, ఎముకలు బలహీనం కాకుండా హార్మోన్లు వాడుతూ ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఆ బిడ్డ పెరిగి నేను ఆడ అంటుందో మగ అంటాడో మనకు తెలియదు. కోసి తీసేసింది మళ్లీ రాదు.

మూత్రం పోయే దారి మూసుకుపోతే మాత్రం ఆగకూడదు. అలాంటి అవసరం లేనప్పుడు ఆగమనే 2019 ఏప్రిల్‌లో మద్రాసు హైకోర్టు చెప్పింది. ప్రాణాపాయం ఉంటే తప్ప పసిబిడ్డలకు ఈ ఆపరేషన్లు వద్దని తమిళనాడు ప్రభుత్వం అదే ఏడాది జీవో ఇచ్చింది. మాల్టా దేశం 2015లోనే ఇలాంటి చట్టం చేసింది.

సర్జన్‌ను మొహమాటపడకుండా అడగండి: ఇప్పుడు చేయకపోతే ఏమవుతుంది? ఇంకా ఎన్నిసార్లు చేయాల్సి రావచ్చు? హార్మోన్ల డాక్టరును కూడా కలవండి. పేరు గురించి కంగారొద్దు. పుట్టిన నమోదు 21 రోజుల్లో చేయించండి. పేరును ఏడాదిలోపు ఉచితంగా చేర్పించుకోవచ్చు.