గేటు దాటే దుమ్ము

శ్రోతలకు నమస్కారం.

హైదరాబాద్‌లో ఏ కొత్త కాలనీకి వెళ్లినా పచ్చవల చుట్టిన అపార్ట్‌మెంటు ఒకటైనా కనిపిస్తుంది. వల కట్టాం, ఇక దుమ్ము రాదని బిల్డరు ధీమా. వల కన్ను ఇంచుమించు మిల్లీమీటరు. ఊపిరితిత్తుల్లోకి దిగే దుమ్ము రేణువేమో 10 మైక్రాన్లకు లోపు, అంటే మిల్లీమీటరులో నూరో వంతు. పెచ్చులు కింద పడకుండా, గాలి జోరు కాస్త తగ్గేలా వల పనికొస్తుంది. అంతవరకే.

ఆ సన్న దుమ్మునే పీఎం 10 అంటారు. మన దేశంలో 2009 నుంచి ఉన్న ప్రమాణం ప్రకారం 24 గంటల సగటున ఘనపు మీటరు గాలిలో అది 100 మైక్రోగ్రాములు దాటకూడదు. అంతకంటే సన్నవి, 2.5 మైక్రాన్లకు లోపు రేణువులు, అంటే పీఎం 2.5 అయితే 60. కట్టడాల దుమ్ములో 2.5 మైక్రాన్లు మించిన ముతక రేణువుల పాలే ఎక్కువ కాబట్టి సైటు దగ్గర చూడాల్సింది పీఎం 10 అంకె. చేత్తో పట్టుకుని గాలిలో దుమ్ము కొలిచే మీటర్లలో పెద్దక్షరాలతో మెరిసేదేమో పీఎం 2.5!

ఈ చవక మీటర్లు రేణువుల మీద లేజర్ వేసి, చెదిరిన వెలుతురును బట్టి లెక్క కడతాయి. ముతక రేణువులు చాలావరకు వాటికి చిక్కవు, అందుకే పీఎం 10 తక్కువ చూపిస్తాయి. తేమ పెరిగితే రేణువులు నీరు పట్టి ఉబ్బుతాయి, అప్పుడు ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తాయి. అసలు పద్ధతిలో ఫిల్టరు కాగితాన్ని తూచి, దాని గుండా గాలి లాగి, మళ్లీ తూస్తారు. అలాంటి యంత్రం పక్కన చవక మీటరును ఓ రెండు వారాలు నడిపి, తేడా ఎంతో రాసుకున్నాకే దాని అంకెను నమ్మాలి.

మీటరు ఒక్కటి చాలదు. గాలి వచ్చే వైపు ఒకటి, పోయే వైపు ఒకటి ఉండాలి. వచ్చే వైపు 90, పోయే వైపు 240 ఉంటే మధ్యలోని 150 సైటు కలిపింది. ఒక్కటే పెడితే రోడ్డు మీది బస్సుల పాపం కూడా సైటు ఖాతాలో పడుతుంది. రెండింటినీ మనిషి ముక్కు ఎత్తున, గోడకూ జనరేటరుకూ దూరంగా పెట్టాలి. వానాకాలంలో ఇక్కడ పడమటి గాలి, చలికాలంలో ఎక్కువగా తూర్పు గాలి. మీటర్లు కదలకపోయినా లెక్కలో వాటి వరస తిరగబడుతుంది. ఇది మరిచిపోయే చాలా నివేదికలు తప్పుతాయి.

ఇక గ్రానైటు కోత. పొడి కోతలో లేచే తెల్లటి పొగలో సిలికా ఉంటుంది. అది ఊపిరితిత్తుల అడుగుకు చేరితే సిలికోసిస్ వస్తుంది, దాన్ని నయం చేసే మందు లేదు. బ్లేడు రాయిని తాకేచోట నిమిషానికి అర లీటరు నీరు పడుతుంటే దుమ్ము చాలావరకు అక్కడే అణుగుతుంది. 20 లీటర్ల డబ్బా 40 నిమిషాలు వస్తుంది. మేస్త్రి పక్కన కుర్రాడు మగ్గుతో పోస్తుంటాడు చూడండి, అది పనికిరాదు. మగ్గు ముంచి తెచ్చేలోపు బ్లేడు మళ్లీ పొడిబారుతుంది. నీటితో కోయడానికి తయారైన మిషనే వాడాలి, కరెంటు లైనులో ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్, తప్పనిసరి.

లేచిన దుమ్ము మీద ట్యాంకరు పైపు పట్టినా లాభం తక్కువే. పెద్ద చుక్క గాలిని పక్కకు నెడుతూ పడుతుంది, సన్న రేణువు ఆ గాలితోపాటే తప్పుకుంటుంది. చుక్క కూడా సన్నగా ఉండాలి. మరీ సన్నదైతే మే నెల ఎండకు దారిలోనే ఆవిరి. పైగా బోరు నీటి సున్నం ఆ సన్న చుక్కలు చిమ్మే నాజిళ్లను పూడుస్తుంది. జాలీ పెట్టి, వారానికోసారి విప్పి కడగాలి.

అన్నిటికంటే ఎవరూ పట్టించుకోనిది టిప్పర్ చక్రాలు. దారి మీద మడుగు కట్టేలా నీళ్లు పోస్తే బురదవుతుంది, టైర్లకు పట్టి గేటు దాటి తారురోడ్డెక్కుతుంది. ఎండాక వచ్చేపోయే ప్రతి బండీ దాన్ని పిండి చేసి లేపుతుంది. గేటు లోపలి మీటరుకు ఇదేమీ కనిపించదు. అందుకే నేల రంగు మారేంత తడి చాలు, చెప్పు జారకూడదు. ఎండాకాలం మధ్యాహ్నం గంటకోసారి కొంచెం కొంచెంగా చల్లాలి. గేటు దగ్గర ముతక కంకర పరుపు, టైర్లు కడిగే తొట్టి ఉండాలి. తొట్టి నీళ్లు మార్చకపోతే కడిగినట్టు కాదు, పూసి పంపినట్టు. లోపల వేగం గంటకు 15 కిలోమీటర్లు మించనివ్వకండి. పొడి చీపురుతో మాత్రం ఊడ్పించకండి, అది కూర్చున్న దుమ్మును లేపి పక్కింటికి పంపడమే.

కాలుష్యం ప్రమాణాలు దాటిన నగరాల్లో ఆరుబయట కోత, రాపిడి పనులు చేయకూడదని, ఇసుక, మట్టి కప్పకుండా వదలకూడదని 2018 జనవరిలో కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. పక్కనుండేవారు ఫిర్యాదు చేసేటప్పుడు తేదీ, గంట, అప్పుడు జరుగుతున్న పని, గాలి ఎటు నుంచి వీస్తోందో రాయండి. గాలి దిక్కుకు అగరుబత్తి పొగ చాలు. గేటు ముందు రోడ్డు ఫొటో తీసి, టైరు మట్టి జాడ ఎన్ని అడుగులు పోయిందో కొలిచి జతచేయండి. దాన్ని మున్సిపాలిటీకి ఒకటి, కాలుష్య నియంత్రణ మండలికి ఒకటి ఇవ్వండి.

నమస్కారం.